కారులో అదనపు డిజిటల్ డ్యాష్‌బోర్డు

కారు తయారీదారు అమర్చిన మీటరు బోర్డుకు తోడుగా గాని, దానికి బదులుగా గాని విడిగా కొని బిగించుకొను ఎలక్ట్రానిక్ మీటరు తెరను అదనపు డిజిటల్ డ్యాష్‌బోర్డు అందురు. ఇంజను వేగము, కూలంటు ఉష్ణోగ్రత, ఆయిలు పీడనము, గాలి-ఇంధన నిష్పత్తి, బ్యాటరీ వోల్టేజి మొదలైన వివరములను ఇది అంకెలుగాను, పట్టీలుగాను చూపును. పందెపు కార్లలోను, ఇంజను మార్చిన పాత కార్లలోను, ఇంజనీరింగు విద్యార్థులు పోటీల కొరకు తయారుచేయు చిన్న కార్లలోను ఇది ఎక్కువగా కనబడును. ఆస్ట్రేలియాకు చెందిన మోటెక్, హాల్టెక్, ఇటలీకి చెందిన ఎ.ఐ.ఎం., అమెరికాకు చెందిన రేస్‌ప్యాక్ ఈ పరికరములను తయారుచేయు సంస్థలలో కొన్ని.

ఈ తెర చూపవలసిన వివరములలో అధిక భాగము ఇంజను కంప్యూటరు ముందుగానే సేకరించుచుండును. ఈ కంప్యూటరును సాధారణముగా ఇ.సి.యు. అని పిలుచుదురు. ఇ.సి.యు. చదువుచున్న సంకేతమును చెడగొట్టకుండ దానినే మరియొక పరికరము చేత చదివించుట ఈ పనిలోని ప్రధానమైన చిక్కు. తీగ తప్పుగా కలిపినచో తెర మీద అంకె తప్పుటతో విషయము ముగియదు. ఇ.సి.యు. కూడ ఆ తప్పు విలువనే నమ్మి ఇంధనమును, స్పార్కు సమయమును, రేడియేటరు ఫ్యానును నడుపును. ఇంజను పాడగుటకు ఇది చాలును.

నేపథ్యము

పూర్వపు కార్లలో ప్రతి మీటరుకు దాని సొంత ఏర్పాటు ఉండెడిది. స్పీడోమీటరుకు గేరుబాక్సు నుండి తిరుగుడు కేబులు వచ్చును. ఉష్ణోగ్రత మీటరుకు ఇంజను మీద ఒంటి తీగ సెన్సారు ఉండును. ఒకదాని వ్యవహారముతో మరియొకదానికి పని లేదు.

1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ అను ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థను ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో ప్రవేశపెట్టెను. 1979లో అదే సంస్థ ఇంధనమును, ఇగ్నిషనును ఒకే మైక్రోప్రాసెసరు అధీనములో ఉంచి మోట్రానిక్ పేరుతో బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో అమర్చెను. అప్పటి నుండి సెన్సార్లకు కంప్యూటరు యజమాని అయినది. మన దేశములో 2000 ప్రాంతమున కార్ల వెనుక ఎం.పి.ఎఫ్.ఐ. అను అక్షరములు కనబడుట మొదలైనది. కార్బ్యురేటరు పోయి ఇ.సి.యు. వచ్చినదని ఆ అక్షరములకు అర్థము.

అంకెల మీటర్లు ఇంచుమించు అదే కాలమున పుట్టినవి. 1976లో ప్రదర్శించిన ఆస్టన్ మార్టిన్ లగోండా కారు డిజిటల్ మీటరు బోర్డు వలన ప్రసిద్ధి పొందెను. 1984 నమూనా షెవర్లే కార్వెట్‌లో కూడ ఇట్టి బోర్డు ఉండెను. 1986లో బాష్ సంస్థ క్యాన్ అను సమాచార పద్ధతిని ప్రకటించెను. కారులోని కంప్యూటర్లు రెండే తీగల మీద పరస్పరము మాటలాడుకొనుట దీని వలన సాధ్యమైనది.

సంకేతమును పొందు మార్గములు

డ్యాష్‌బోర్డు ఒక విలువను మూడు విధములుగా పొందవచ్చును. ఇంజను మీద దాని కొరకే వేరొక సెన్సారును బిగించవచ్చును. ఇ.సి.యు.కు పోవుచున్న సెన్సారు తీగ నుండి ఒక పాయ తీయవచ్చును. లేదా ఇ.సి.యు. తాను లెక్కించిన విలువలను క్యాన్ తీగల మీద పంపుచుండగా వానిని వినవచ్చును. మొదటిది ఖర్చుతో కూడినది కాని నిరపాయమైనది. మూడవది వీలున్న చోట అన్నిటికంటె శుభ్రమైనది. తప్పులన్నియు సాధారణముగా రెండవ మార్గములోనే జరుగును. కావున దానినే ఇచ్చట కొంత విపులముగా చెప్పవలసియున్నది.

ఉష్ణోగ్రత సెన్సారు

కూలంటు ఉష్ణోగ్రతను కొలుచు సెన్సారు ఒక థర్మిస్టరు. వేడి పెరిగిన కొలది దాని నిరోధము తగ్గును. బాష్ వారి విరివిగా వాడబడు రకములో 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 2,500 ఓములు, 60 వద్ద 596, 80 వద్ద 323, 100 వద్ద 186, 120 వద్ద 113 ఓముల నిరోధము ఉండును. ఈ సెన్సారు తనంతట తాను వోల్టేజిని పుట్టించదు. ఇ.సి.యు. లోపల 5 వోల్టుల సరఫరా నుండి ఒక స్థిర నిరోధకము ద్వారా సెన్సారుకు విద్యుత్తు పోవును. రెండింటి నడుమ ఏర్పడు వోల్టేజిని ఇ.సి.యు. చదువును. ఈ స్థిర నిరోధకమును పుల్-అప్ నిరోధకము అందురు.

ఉదాహరణకు పుల్-అప్ 2,490 ఓములు అనుకొందము. ఇంజను 80 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు తీగ మీది వోల్టేజి 5 × 323 ÷ (2,490 + 323), అనగా 0.574 వోల్టులు. ఇ.సి.యు. తన పట్టికలో దీనిని చూచి 80 డిగ్రీలని గ్రహించును.

ఇప్పుడు అదే తీగకు డ్యాష్‌బోర్డు ఉష్ణోగ్రత ఇన్‌పుట్‌ను కలిపితిమనుకొందము. సొంత సెన్సారుతో పనిచేయుటకు ఆ ఇన్‌పుట్ లోపల కూడ 5 వోల్టులకు కలిపిన ఒక పుల్-అప్ ఉండును. అదియు 2,490 ఓములే అయినచో రెండు నిరోధకములు సమాంతరముగా చేరి 1,245 ఓములగును. వోల్టేజి 5 × 323 ÷ (1,245 + 323), అనగా 1.03 వోల్టులకు ఎగబ్రాకును. తనది తప్ప మరియొక పుల్-అప్ ఉన్నదని ఇ.సి.యు.కు తెలియదు. అందుచేత సెన్సారు నిరోధము 646 ఓములని, ఇంజను 58 డిగ్రీల దగ్గర ఉన్నదని అది లెక్క కట్టును. ఒకరు తక్కెడలో సరుకు తూచుచుండగా మరియొకరు అదే పళ్ళెము మీద వ్రేలు మోపినట్లు ఇది జరుగును.

ఇంజను ఇంకను చల్లగా ఉన్నదని నమ్మిన ఇ.సి.యు. ఇంధనమును ఎక్కువగా చల్లును. మైలేజి పడిపోవును, పొగగొట్టము నల్లబడును. ఇవి కనబడు నష్టములు. కనబడని నష్టము ఫ్యానుది. ఇ.సి.యు. 95 డిగ్రీల వద్ద రేడియేటరు ఫ్యానును వేయునట్లు అమర్చబడియున్నచో దానికి 95గా కనబడు సమయమునకు ఇంజను నిజముగా 120 డిగ్రీలు దాటియుండును. ఒత్తిడి మూత ఉన్న రేడియేటరులో కూడ అది మరుగు స్థాయికి చేరువ. హెడ్ గ్యాస్కెట్టు కాలిపోవుట, సిలిండరు హెడ్డు వంగిపోవుట ఇట్లే జరుగును.

ఇందులో ఒక మోసము కూడ కలదు. డ్యాష్‌బోర్డు సైతము అదే వోల్టేజిని చదువుచు అదే తప్పు చేయును. 100 డిగ్రీల ఇంజనుకు తెర 75 అని చూపును, ఇ.సి.యు. లోపలి విలువ కూడ 75 అనియే ఉండును. రెండు పరికరములు ఏకీభవించినవి గదా అని చోదకుడు నిశ్చింతగా ఉండును. ఒకే అబద్ధమును ఇద్దరు సాక్షులు చెప్పినంత మాత్రమున అది నిజము కాదు. పాత ఒంటి తీగ మీటరు ఇంకను ఉన్న కార్లలో ఆ ముల్లు ఒక్కటే సత్యము చెప్పుచుండును. తయారీదారులు చాలకాలము మీటరుకు ఒక సెన్సారును, ఇ.సి.యు.కు వేరొక సెన్సారును ఎందుకు బిగించిరో ఇందువలన బోధపడును.

దీనికి పరిష్కారము కష్టము కాదు. చాలా డ్యాష్‌బోర్డులలో పుల్-అప్‌ను తొలగించు సదుపాయము ఉండును. దానిని తొలగించి ఇన్‌పుట్‌ను కేవలము వోల్టేజి చదువునదిగా మార్చి, ఇ.సి.యు. పుల్-అప్‌ను బట్టి లెక్కించిన పట్టికను ఎక్కించవలెను. పై ఉదాహరణకు ఆ పట్టిక 20 డిగ్రీలకు 2.505 వోల్టులు, 60కి 0.966, 80కి 0.574, 100కి 0.348, 120కి 0.217 అగును. పుల్-అప్ తీసివేసిన పిదప ఆ ఇన్‌పుట్ నిరోధము లక్ష ఓములకు తక్కువ కాకుండ చూచుకొనిన, వేడి ఇంజను వద్ద కలుగు దోషము లెక్కింపదగినది కాదు. పుల్-అప్ తొలగించుటకు వీలు లేని డ్యాష్‌బోర్డు అయినచో వేరొక సెన్సారును బిగించుటయే మార్గము. గాలి ఉష్ణోగ్రత సెన్సారుకు కూడ ఇవే నియమములు వర్తించును.

ఇతర సెన్సార్లు

థ్రాటిల్ స్థాన సెన్సారు, మానిఫోల్డు పీడన సెన్సారు మూడు తీగలవి. ఇ.సి.యు. ఇచ్చు 5 వోల్టుల సరఫరాతో ఇవి తామే వోల్టేజిని వెలువరించును. కనుక సంకేతపు తీగ నుండి పాయ తీయుట వలన సాధారణముగా ప్రమాదము లేదు. అయితే డ్యాష్‌బోర్డు సొంత 5 వోల్టుల తీగను ఇ.సి.యు. 5 వోల్టుల తీగతో ఎన్నడును కలుపరాదు. రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి పోరాడి రెండింటి కొలతలను చెరచును.

ఆక్సిజను సెన్సారులో పాత రకము 0.1 నుండి 0.9 వోల్టుల వరకు మాత్రమే ఇచ్చును. అది మిక్కిలి బలహీనమైన సంకేతము. పది లక్షల ఓములకు తక్కువ నిరోధము గల ఇన్‌పుట్‌ను దానికి కలుపకుండుట మంచిది. బాష్ ఎల్.ఎస్.యు. 4.9 వంటి వైడ్‌బ్యాండు సెన్సారు తీగలను పంచుకొనుట అసలే కుదరదు. దానిని నడుపు కంట్రోలరు ఒక్కటే ఉండవలెను. ఆ కంట్రోలరు వెలువరించు 0-5 వోల్టుల సంకేతమును మాత్రము పంచుకొనవచ్చును.

ఆయిలు పీడనము సంగతి వేరు. అనేక సాధారణ కార్లలో దానికి సెన్సారు ఉండదు, ఎర్ర దీపమును వెలిగించు స్విచ్చి మాత్రమే ఉండును. అందువలన డ్యాష్‌బోర్డుకు వేరొక సెన్సారు తప్పనిసరి. దానిని బిగించుటకు స్విచ్చిని తీసివేయక, టి ఆకారపు గొట్టపు ముక్కతో రెండింటిని ఉంచవలెను. తెర పనిచేయకపోయిన నాడు ఆ ఎర్ర దీపమే ఆధారము.

ఇంజను వేగము

క్రాంక్‌షాఫ్టు వద్ద నుండు అయస్కాంత తీగచుట్ట సెన్సారు నుండి ఇంజను వేగమును పంచుకొనుట మంచిది కాదు. స్టార్టరు తిప్పునప్పుడు ఆ సంకేతము మిక్కిలి చిన్నదిగా ఉండును. వేగము పెరిగిన కొలది పదుల వోల్టులకు పెరుగును. మరియొక పరికరమును కలిపినచో చిన్న సంకేతము ఇంకను కుంగి ఇంజను స్టార్టు కాకపోవచ్చును, నడచుచు నడచుచు తడబడవచ్చును. ఇ.సి.యు.కు టాకోమీటరు అవుట్‌పుట్ ఉన్నచో దానిని వాడుటయే ఉత్తమము.

ఇగ్నిషను కాయిలు ప్రాథమిక చుట్ట నుండి కూడ వేగమును తీయవచ్చును. కాని స్పార్కు పుట్టు క్షణమున అచ్చట మూడు నాలుగు వందల వోల్టుల పోటు వచ్చును. దాని కొరకై నిర్మించిన ఇన్‌పుట్‌కే కలుపవలెను. నాలుగు సిలిండర్ల ఇంజనులో డిస్ట్రిబ్యూటరు ఉన్నచో ఒక్కొక్క చుట్టుకు రెండు పోట్లు, ఒక కాయిలు రెండు సిలిండర్లకు స్పార్కు ఇచ్చు పద్ధతిలో ఒక పోటు, ప్రతి సిలిండరుకు వేరు కాయిలు ఉన్నచో రెండు చుట్లకు ఒక పోటు వచ్చును. తెర మీద వేగము సరిగా సగముగానో, రెట్టింపుగానో కనబడుచున్నచో తీగలను విప్పవలసిన పని లేదు, ఈ సంఖ్యను సరిచేసిన చాలును.

ఎర్తు

మెకానిక్కులు బాడీ ఎర్తు అనునది బ్యాటరీ ఋణ ధ్రువమునకు కలిపిన కారు లోహపు శరీరము. ఇది అంతటను సున్న వోల్టులే అని భావించుట సహజము, కాని నిజము కాదు. స్టార్టరు నూరు ఆంపియర్లకు పైగా లాగునప్పుడు 0.01 ఓము నిరోధము గల తుప్పు పట్టిన బోల్టు వద్ద ఒక వోల్టు తేడా ఏర్పడును. ఐదు వోల్టుల కొలతలో ఒక వోల్టు ఎంతటి దోషమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ కారణముననే ఇ.సి.యు. సెన్సార్ల కొరకు ప్రత్యేకమైన ఎర్తు తీగను ఇచ్చును. ఆ తీగ కొలతకు ఆధారము. దాని మీద విద్యుత్ ప్రవాహము దాదాపు ఉండరాదు. డ్యాష్‌బోర్డు తెర వెలుగుటకు వాడు విద్యుత్తును ఈ తీగ గుండా పంపుట తరచుగా జరుగు పొరపాటు. అర ఆంపియరు ప్రవాహమునకు, 0.1 ఓము నిరోధమునకు 0.05 వోల్టు తేడా వచ్చి ఇ.సి.యు. చదువు ప్రతి సెన్సారును కదలించును. వెలుతురు పెంచినప్పుడెల్ల ఐడిలింగు మారుచున్నదన్నచో ఇదే కారణమై ఉండవచ్చును. తెర విద్యుత్ ఎర్తును, ఇ.సి.యు. విద్యుత్ ఎర్తు బిగించిన బోల్టు వద్దకే వేరు తీగతో తీసికొనిపోవలెను. సెన్సారు ఎర్తు కొరకు డ్యాష్‌బోర్డుకు వేరొక ఇన్‌పుట్ ఉన్నచో దానిని మాత్రమే ఇ.సి.యు. సెన్సారు ఎర్తుకు కలుపవలెను.

ఇంజనుకు, బాడీకి నడుమ నుండు లావు పట్టీ వదులైనప్పుడు స్టార్టరు ప్రవాహము దొరికిన సన్నని తీగలన్నిటి గుండా దారి వెదకుకొనును. కొత్త తెర బిగించిన మరునాడే తీగలు కాలినవని తెరను నిందించువారు ముందుగా ఆ పట్టీని చూడవలెను.

క్యాన్ తీగలు

క్యాన్ పద్ధతిలో మెలివేసిన రెండు తీగలు ఉండును. ఏ పరికరమును మాటలాడనప్పుడు రెండును 2.5 వోల్టుల దగ్గర ఉండును. మాటలాడునప్పుడు ఒకటి 3.5కు లేచి రెండవది 1.5కు దిగును. వరుస రెండు కొనల యందు చెరియొక 120 ఓముల నిరోధకము ఉండవలెను. అందుచేత విద్యుత్తు ఆపి రెండు తీగల నడుమ కొలిచిన 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక కొన నిరోధకము లేదని, 40 వచ్చినచో డ్యాష్‌బోర్డు లోపల మూడవ నిరోధకము ఉన్నదని తెలిసికొనవచ్చును. వరుస మధ్యలో చేర్చు తెరకు ఈ నిరోధకమును తొలగించవలెను. తెరకు పోవు పాయ తీగ 30 సెంటీమీటర్లకు మించకుండుట మేలు.

వేగము కూడ సరిపోలవలెను. వరుస సెకనుకు 5 లక్షల బిట్ల వేగముతో నడచుచుండగా తెరను 10 లక్షలకు అమర్చినచో తెరకు ప్రతి సందేశమును తప్పుగానే తోచి, తప్పు తప్పు అని మధ్యలో అరచును. ఆ అరుపు వలన ఇతర పరికరముల సంభాషణ కూడ ఆగిపోవును. మొదట తెరను వినుటకు మాత్రమే పరిమితము చేయు సదుపాయమున్నచో దానిని ఉపయోగించవలెను.

ఒక నిజమైన ఉదాహరణము చూతము. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ అను ఇ.సి.యు. అభిరుచి గలవారిలో ప్రసిద్ధమైనది. దాని మూడవ తరము డ్యాష్‌బోర్డుల కొరకు కొన్ని సందేశములను ప్రసారము చేయగలదు. వానిలో 1512 సంఖ్య గల సందేశమున మానిఫోల్డు పీడనము, ఇంజను వేగము, కూలంటు ఉష్ణోగ్రత, థ్రాటిల్ స్థానము వరుసగా రెండేసి బైట్లలో ఉండును. ఉష్ణోగ్రత ఫారెన్‌హీటు డిగ్రీలలో, పది రెట్లు చేసి పంపబడును. ఆ రెండు బైట్లు 7, 58 అయినచో 7 × 256 + 58 = 1850, అనగా 185 డిగ్రీల ఫారెన్‌హీటు, మనకు అలవాటైన లెక్కలో 85 డిగ్రీలు. బైట్లను తలక్రిందులుగా చదివినచో 14,855 వచ్చి తెర మీద 1,485 డిగ్రీలు కనబడును. ఇట్టి పెద్ద తప్పులు మంచివే, వెంటనే పట్టుబడును. ఫారెన్‌హీటును సెంటీగ్రేడుగా మార్చుట మరచుట వంటివి కూడ త్వరలోనే బయటపడును.

ఇ.సి.యు. తానే లెక్కించిన విలువను పంపుచున్నందున ఈ మార్గములో రెండు పట్టికల పేచీ లేదు. అయితే సెన్సారే చెడినచో తెర కూడ అదే తప్పును చూపునని మరువరాదు.

ఓ.బి.డి. సాకెట్టు

అమెరికాలో 1996 నమూనా కార్ల నుండి 16 పిన్నుల పరీక్ష సాకెట్టు తప్పనిసరి అయినది. భారతదేశములో ఓ.బి.డి. నిబంధనలు 2010లో మొదలై రెండవ దశ 2013లో అమలులోకి వచ్చెను. ఇందులో 6, 14 పిన్నులు క్యాన్ తీగలు. 4, 5 ఎర్తు. 16వది బ్యాటరీ ధన ధ్రువము. ఇచ్చట డ్యాష్‌బోర్డు ప్రశ్న అడుగును, ఇ.సి.యు. జవాబు చెప్పును. కూలంటు ఉష్ణోగ్రత జవాబు ఒక బైటు. దాని నుండి 40 తీసివేయవలెను. ఇంజను వేగమునకు మొదటి బైటును 256తో గుణించి, రెండవ బైటును కలిపి, 4తో భాగించవలెను. 26, 248 వచ్చినచో వేగము నిమిషమునకు 1,726 చుట్లు.

తీగ కత్తిరించు పని లేనందున కొత్తవారికి ఇది అనువైనది. ప్రశ్నోత్తరముల వలన కొంత ఆలస్యమగును. పందెపు కార్లకు అది చాలదు.

విద్యుత్ సరఫరా

కారు నడచుచున్నప్పుడు వోల్టేజి 14 దగ్గర ఉండును. స్టార్టరు తిరుగునప్పుడు అది 8కి, ఒక్కొక్కప్పుడు ఇంకను దిగువకు పడును. ఇగ్నిషను తాళముతో వచ్చు తీగ నుండి, మొదలు వద్దనే చిన్న ఫ్యూజు వేసి సరఫరా తీసికొనవలెను. ఎల్లప్పుడు విద్యుత్తు ఉండు 16వ పిన్ను నుండి తీసికొనిన తెర, తాళము తీసిన తరువాత కూడ 50 మిల్లీ ఆంపియర్లు లాగునదైనచో రోజుకు 1.2 ఆంపియరు-గంటలు ఖర్చగును. చిన్న కారులోని 35 ఆంపియరు-గంటల బ్యాటరీ రెండు వారములలో సగము ఖాళీ అగును. ఊరికి పోయి వచ్చువరకు కారు కదలదు.

తీగ మీద నొక్కి బిగించు ప్లాస్టిక్ క్లిప్పులు కంపనమునకు వదులగును; సరియైన పనిముట్టుతో క్రింపింగు చేసి, కుంచించుకొను గొట్టము తొడుగుట మేలు. పసుపు తొడుగు గల ఎయిర్‌బ్యాగు తీగలను తాకరాదు. బల్బు గుచ్చి చూచు టెస్టు దీపము ఇ.సి.యు. తీగలకు ప్రమాదకరము. డిజిటల్ మల్టీమీటరు మాత్రమే వాడవలెను. అది లేనివారు ఈ పనికి పూనుకొనకుండుటయే మంచిది.

తీగను కలుపుటకు ముందు ఒకసారి, కలిపిన తరువాత ఒకసారి అదే ఉష్ణోగ్రత వద్ద సెన్సారు తీగ మీది వోల్టేజిని కొలిచి వ్రాసికొనవలెను. రెండు అంకెలు సమానముగా లేనిచో తెర ఎంత అందముగా వెలుగుచున్నను తీగను వెంటనే విప్పవలెను.

పాత మీటరు బోర్డు తొలగింపు

కొన్ని కార్లలో, ముఖ్యముగా ఫోక్స్‌వ్యాగన్ సంస్థకు చెందిన కొన్ని పాత నమూనాలలో, దొంగతనమును అరికట్టు ఇమ్మొబిలైజరు మీటరు బోర్డు లోపలనే ఉండును. అట్టి బోర్డును తీసివేసినచో ఇంజను స్టార్టు అయి వెంటనే ఆగిపోవును. బ్రేకు, ఎయిర్‌బ్యాగు, ఛార్జింగు హెచ్చరిక దీపములు కూడ దానితోనే పోవును. కారు తిరిగిన మొత్తము దూరము పాత ఓడోమీటరులోనే నిలిచిపోవును. కారు అమ్మునప్పుడు ఇది తగవులకు దారితీయును.

భారతదేశములో కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989 స్పీడోమీటరును కోరుచున్నవి. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. రోడ్డు మీద తిరుగు కారులో పాత బోర్డును దాని స్థానముననే ఉంచి, కొత్త తెరను ప్రక్కన బిగించుకొనుట వాడుకలో ఉన్న పద్ధతి. చోదకుని చూపునకు అడ్డు రాకుండ, ఎయిర్‌బ్యాగు విచ్చుకొను దారిలో లేకుండ దానిని అమర్చవలెను.